ఎర్ర కుచ్చు

కోడలు సాజియాను గదిలో పెట్టి బయట తాళం వేసిన మొదటి రోజు చాంద్ బేగానికి చేతులు వణికాయి. ఇప్పుడు వణకడం లేదు. కొడుకు అడిగితే తల్లికి ఎంత పాడుపనైనా తొందరగానే అలవాటవుతుంది. ముబీన్ బయటికి పోయేముందు తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టి, "నేనొచ్చేదాకా తీయొద్దుమా" అంటాడు. అరవడు, తిట్టడు. గిరాకీకి పరుపు ధర చెప్పినంత నిదానంగా చెబుతాడు. ఆమె చెవిని చెంగున ముడేసుకుని మళ్ళీ పనిలో పడుతుంది.

కల్లూరులో వాళ్ళ ఇల్లూ, పరుపుల అంగడీ ఒకే కప్పు కింద ఉన్నాయి. ముందర దూది ఏకే మిషను, దాని వెనక పరుపులు కుట్టే వసారా, ఆ వెనక రెండు గదులు. ఆ మంగళవారం వసారాలో ఒక పెళ్ళిపరుపు పరిచి ఉంది. దూది నింపడం, అంచు కుట్టడం అయిపోయి కుచ్చులు వేయడమే మిగిలింది. మూరెడు దబ్బనాన్ని పరుపు కింది దాకా పొడిచి, దారం బిగలాగి, పైన చిన్న కుచ్చు పెట్టి ముడేస్తే లోపలి దూది ఎటూ జరగదు. ఆ ఇంట్లో అందరికన్నా గట్టి ముడి సాజియాది. పొద్దున్నించి అన్నీ ఆమే వేసింది. చివరిది ఒక్కటి ఉందనగా, కొలతలకు రమ్మని ముబీన్‌కు కోడుమూరు నుంచి ఫోనొచ్చింది. చెప్పకముందే ఆమె దబ్బనం పక్కన పెట్టి లేచింది.

"నేనేం చేసినానత్తా?" అని గడప దగ్గర ఆగి అడిగింది. రోజూ అడిగేదే. చాంద్ బేగం రోజూ లాగే తలుపు మూసి తాళం వేసింది.

ఆ చివరి కుచ్చు తనే వేసింది, ఎర్ర దారంతో. కొత్త జంటకు దిష్టి తగలకుండా పెళ్ళిపరుపుకు కాళ్ళవైపు మూలన ఒక్క ఎర్ర కుచ్చు ఉండాలని వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. ముబీన్ చూస్తే నవ్వుతాడు. ఈ కాలంలో ఇవన్నీ ఏందిమా, అందరూ ఎగతాళి చేస్తారు, అంటాడు. అందుకని అతను ఇంట్లో లేనప్పుడే గబగబా వేసేసి, ఎర్ర దారపు కండెను దిండ్ల వెనక దాచేస్తుంది. ఆ దొంగతనం ఒక్కటే ఆమె జీవితంలో కాస్త సరదా.

మధ్యాహ్నం పరుపు ఎత్తుకుపోవడానికి చిన్న ఈరన్న ఆటో వచ్చింది. వాళ్ళ సరుకంతా ఇళ్ళకు చేర్చేది అతనే. తల సగం నెరిసిన మనిషి, పోయినేడు కూతురి పెళ్ళి చేశాడు. పరుపు చుడుతూ లోపలికి తొంగి చూశాడు.

"ఏం చాందమ్మా, కోడలు పాప కనపడదే? ఒంట్లో బాగలేదా?"

"బాగనే ఉండాది. నువ్వు పరుపెత్తు."

అతను పోయాక ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ముబీన్ చెప్పేది ఈ ఈరన్న గురించే. తను లేనప్పుడు వాడు సాజియా కోసం వస్తాడని. వాడెందుకు అడిగినట్టు? అడగకపోతే మాత్రం అనుమానం రాదా? ఇలా రెండు వైపులా లాగుకుని ఆమెకే తల తిరిగింది.

మిషను పక్కన దిండ్లు నింపుతున్న తమ్ముడు ఇమాం బాషా ఆమెను చూసి నవ్వాడు. "ఈ పొద్దు వాళ్ళు ఏమీ మాట్లాడలేదక్కా. నామీద అలిగినట్టుండారు."

పిచ్చి అంటే ఏమిటో చాంద్ బేగానికి తెలుసు. ఈ తమ్ముడికే వచ్చింది. వయసులో ఉండగా దూది మిషను లోపల కూర్చుని ఎవరో తనను తిడుతున్నారని దాన్ని రాళ్ళతో కొట్టాడు. చొక్కా చింపుకుని, గాలితో మాట్లాడుతూ మంత్రాలయం రోడ్డు పట్టుకుని నడిచాడు. దర్గాలో గొలుసేసి కట్టేశారు. చివరికి పెద్దాసుపత్రి మాత్రలతో మనిషయ్యాడు. ఇప్పటికీ ఎప్పుడన్నా ఆ గొంతులు సన్నగా వినిపిస్తాయి, వాడు పట్టించుకోడు. పిచ్చంటే అదీ. ముబీన్‌ను చూస్తే, లెక్క తప్పడు, నోరు జారడు, శుక్రవారం నమాజు మానడు. అలాంటివాడికి పిచ్చెలా ఉంటుంది? పిచ్చి లేనివాడు ఇంత గట్టిగా చెప్పేది అబద్ధమెలా అవుతుంది? ఆమె లెక్క అక్కడితో తెగిపోయేది.

సాయంత్రం ముబీన్ వచ్చి తాళం తీశాడు. సాజియా టీ పెట్టి తెచ్చింది. అతను గ్లాసు అందుకుని తల్లి వైపు జరిపాడు.

"నువ్వు ముందు తాగుమా."

చాంద్ బేగం రెండు గుటకలు తాగింది. అప్పుడతను గ్లాసు తీసుకుని హాయిగా తాగాడు. తల్లి తాగింది కదా, ఇక భయం లేదు. కోడలు టీలో మత్తు కలుపుతుందని అతని నమ్మకం. సాజియా తల వంచుకుని నిలబడింది.

"శుక్రవారం నమాజైనాక పెద్దమనుషులు వస్తాండారు" అన్నాడు గ్లాసు కింద పెట్టి. "నా కాడ రుజువుండాది. ఈమెను పుట్టింటికి పంపిచ్చేస్తా. పగలంతా ఇంట్లో ఉండేది నువ్వే గదమ్మా, నీ నోటితో ఒక్క మాట చెప్తే సాలు."

సాజియాకు తండ్రి లేడు. ఉన్న ఒక్క అన్న ఆదోనిలో బాడుగింట్లో ఉంటాడు. ఆ మచ్చ మోసుకుని పోతే ఆ ఇంట్లో ఎన్నాళ్ళు ముద్ద మింగుతుందో చాంద్ బేగానికి తెలుసు. తెలిసీ, "సరే నాయనా" అంది.

మర్నాడు తమ్ముడి మాత్రలకు కర్నూలు పోయింది. ఎప్పుడూ ముబీనే తీసుకుపోతాడు. ఈసారి ఇల్లు వదలనన్నాడు. మహేశ్వరి డాక్టరమ్మ ఇమాం బాషాను నాలుగు మాటలడిగి మాత్రలు రాసింది. వాడు బయటికి నడిచాక కూడా చాంద్ బేగం కుర్చీలోంచి లేవలేదు.

"డాక్టరమ్మా, మా పక్కింట్లో ఒక పిల్లోడుండాడు" అని మొదలుపెట్టింది. చెబుతున్నకొద్దీ పక్కింటి పిల్లవాడికి పరుపుల అంగడి కూడా వచ్చేసింది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి వింది.

"ఆయనకు ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తాయా? ఒంటరిగా మాట్లాడుకుంటాడా? మాటకు మాటకు పొంతన లేకుండా పోతుందా?"

"ల్యాదమ్మా. బంగారమట్లాంటోడు. ఆ ఒక్క మాటే."

"మీ తమ్ముడికి వచ్చింది సైకోసిస్ అమ్మా. లోకం మీద పట్టే జారిపోతుంది. లేని గొంతులు వినపడతాయి, మాట చెదిరిపోతుంది, లేనిపోని నమ్మకాలు పుడతాయి. ఆ నమ్మకాన్ని డెల్యూజన్ అంటాం. సైకోసిస్‌లో అదొక ముక్క. కానీ కొంతమందికి ఆ ముక్క ఒక్కటే వస్తుంది. మిగతా మనిషంతా సరిగ్గానే ఉంటాడు, పనిచేస్తాడు, లెక్కలు చూస్తాడు. అందుకే జబ్బని ఎవరూ అనుకోరు. అతన్ని నమ్మి పెళ్ళాన్ని నిలదీస్తారు."

"ఒకవేళ ఆ పిల్ల నిజంగానే తప్పు చేసుంటే?"

"మనిషిని చూడకుండా నేనేమీ తేల్చి చెప్పలేనమ్మా. అనుమానం అందరికీ వస్తుంది. కళ్ళెదుట నిజం చూపిస్తే మామూలు అనుమానం కొంచెమైనా తగ్గుతుంది. జబ్బయితే తగ్గదు. మీరు చూపించిన నిజాన్నే ఇంకో సాక్ష్యంగా కలిపేసుకుంటుంది." డాక్టరమ్మ ఆగి, "ఆ అమ్మాయి అతనితో ఒంటరిగా ఉంటోందా? ఇలాంటప్పుడు మొదట దెబ్బ తినేది పెళ్ళామే" అంది.

"గదిలో పెట్టి తాళమేస్తారంట."

"ఎవరు వేసేది?"

చాంద్ బేగం చెంగు ముడిని గుప్పిట్లోకి తీసుకుంది. "వాళ్ళత్త."

"ముందు ఆ తాళం తీయమని ఆ అత్తకు చెప్పండి. అతన్ని ఒక్కసారి నా దగ్గరికి తీసుకురమ్మనండి."

బస్సులో కూచున్నాక ఆమెకు కోపమొచ్చింది, డాక్టరమ్మ మీద. తన కొడుకును ఎదురుగా కూచోబెట్టి ఒక్క మాటన్నా అడిగిందా? ఏకిన దూదిలో ఒక్క గింజ మిగిలిపోతే పరుపు పైకి ఏమీ కనపడదని, పడుకున్నవాళ్ళకే అది గుచ్చుకుంటుందని తనకు తెలియని సంగతి కాదు. కానీ ఆ పోలిక కొడుక్కి పెట్టుకోవడానికి మనసొప్పలేదు.

ఆసుపత్రి మాట ఎత్తకుండా గురువారం పొద్దున ముబీన్‌ను దర్గాకు తీసుకుపోయింది. ఊరికి దూరంగా, చేల మధ్య ఉన్న చిన్న దర్గా. ఒకప్పుడు తమ్ముడిని కట్టేసింది అక్కడే. పిచ్చి పట్టినవాళ్ళు సాంబ్రాణి పొగ ముందు కూచుంటే ఊగకుండా ఉండలేరని వాళ్ళ వాళ్ళందరి నమ్మకం. ఇమాం బాషా ఆ పొగ తగలగానే అరిచి నేలమీద దొర్లాడు. ఈ పొద్దు ముబీన్ ఊగితే జబ్బు, ఊగకపోతే లేదు. మందులూ వద్దు, డాక్టర్లూ వద్దు, ఇక్కడే తేలిపోతుందని ఆమె అనుకుంది.

పక్కన ఒక ఆడమనిషి జుట్టు విరబోసుకుని గిరగిరా తిరుగుతోంది. ఇంకొకడు స్తంభానికి తల కొట్టుకుంటున్నాడు. ముబీన్ రుమాలు తలకు కట్టుకుని, మోకాళ్ళ మీద కూచుని, కళ్ళు మూసుకున్నాడు. పొగ ముఖానికి తగిలితే చిన్నగా దగ్గాడు, అంతే. దర్గా చూసుకునే ముసలి ముజావర్ నెమలీకల కట్టతో వీపు తట్టి, "ఈ పిల్లోనికి ఏమీ ల్యాదమ్మా. ఎందుకు పిల్చుకొచ్చినావు?" అన్నాడు.

చాంద్ బేగానికి గుండె మీది బండ దిగినట్టయింది. కొడుకు మంచోడే. ఆ వెంటనే తట్టింది, కొడుకు మంచోడైతే కోడలు చెడ్డదని. ఇంత సంతోషంలో ఆ పిల్ల బతుకు తుడిచేస్తున్నానని తెలిసి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

బండి మీద తిరిగి వస్తూ ముబీన్ దోవలో ఆపి ఆమెకు సీతాఫలాలు కొన్నాడు. మెత్తనివి ఏరి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నన్ను ఈడికి ఎందుకు తెచ్చినావో నాకు తెలుసుమా. ఏమీ అనుకోను. ఇప్పుడు తెలిసింది గదా?"

"తెలిసింది నాయనా."

"రాత్రిపూట దబ్బనం దిండు కింద పెట్టుకుంటాండా. నువ్వు చూసి భయపడతావని ముందే చెప్తాండా. వాడొస్తేనేలే."

సీతాఫలం ఆమె చేతిలో పగిలి గుజ్జు వేళ్ళకంటింది. ఆ గదిలో ఆ దిండు పక్కన పడుకునేది సాజియా. ఎవరి అడుగుల చప్పుడో విని, వచ్చినవాడి మీదికి లేస్తాడో, పక్కనున్న పిల్ల మీదికి లేస్తాడో ఎవరు చెప్పగలరు?

ఆ రాత్రి మోకాలి నొప్పని, పక్కన మనిషి కావాలని పేచీ పెట్టి సాజియాను తన దగ్గరే పడుకోబెట్టుకుంది. ఆ పిల్ల అత్త కాళ్ళకు నూనె రాసింది.

"రేపు నా పక్క చెప్పొద్దత్తా" అంది. "ఆయన పక్కా చెప్పొద్దు. నువ్వు కళ్ళతో చూసింది చెప్పు, సాలు."

తను చూసిందేమిటని చాంద్ బేగం వెతుక్కుంది. ఈరన్న వసారా దాటి లోపలికి రావడం ఒక్కనాడూ చూడలేదు. చూసిందల్లా కొడుకు నమ్మకాన్ని. దాన్నే ఇన్నాళ్ళూ కళ్ళతో చూసినట్టు అనుకుంది.

శుక్రవారం నమాజు ముగిశాక పెద్దమనుషులు వచ్చి వసారాలో పరుపుల మీద కూచున్నారు. వాళ్ళలో పెద్ద హబీబ్ సాబు, ముబీన్ తండ్రికి చిన్ననాటి స్నేహితుడు. ఇమాం బాషా మిషను పక్కనే ఉన్నాడు. సాజియా గది గుమ్మంలో నిలబడింది. ముబీన్ అందరికీ మంచినీళ్ళిచ్చి, అందరికన్నా కింద కూచుని, ఒక్క మాట తొణకకుండా తన గోడు చెప్పుకున్నాడు. అతని మర్యాద చూసి పెద్దవాళ్ళు జాలిగా తలలూపారు.

"రుజువేమన్నా ఉండాదా నాయనా?" హబీబ్ సాబు అడిగాడు. "ఒక ఆడపిల్ల బతుకిది."

ముబీన్ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో గుప్పెడు ఎర్ర కుచ్చులు.

చాంద్ బేగం చూపు దిండ్ల వెనక్కి పోయింది.

"ఈరన్న ఆటోలో పోయిన పెళ్ళిపరుపులవి. కుట్టు సరిచేస్తానని ఒక్కో ఇంటికీ పోయి కోసుకొచ్చినా. పరుపంతా తెల్ల కుచ్చులు. కాళ్ళవైపు మూలన మాత్రం ఎర్రది. అన్ని పరుపులకూ ల్యాదు. నేను ఇంట్లో లేని పొద్దు తయారైన వాటికే ఉండాది. మా ఇంట్లో కుచ్చులేసేది ఎవరో మీకందరికీ తెలుసు. నేను ల్యానని వానికి సైగ అది. ఇంతకన్నా ఏం కావాల?"

అంతా సరిపోయింది. ఒకాయన గుమ్మం వైపు తలతిప్పి సాజియాను అసహ్యంగా చూశాడు. ఆమె ఎర్ర కుచ్చులను చూస్తూ, ఏమీ అర్థం కాక, గోడకు ఆనుకుంది.

"చాందమ్మా" అన్నాడు హబీబ్ సాబు, "నువ్వేమంటావు?"

"అవి నేనేసినవి."

"ఏంది?"

"ఎర్రయి నేనేసినవి. దిష్టికి. మాయమ్మ నేర్పిచ్చింది. వీడు నవ్వుతాడని వీడు ల్యానప్పుడు ఏస్తాండా. ఈ పిల్లకు తెలీనే తెలీదు."

ఆమె లేచి దిండ్ల వెనక నుంచి ఎర్ర కండె తెచ్చింది. దబ్బనానికి దారమెక్కించి, కూచున్న పరుపు అంచునే పొడిచి, ఎడమచేత్తో రెండు మెలికలు తిప్పి ముడేసింది. రుమాల్లోని కుచ్చు పక్కన పెడితే రెంటికీ అదే ఎడమచేతి మెలిక. సాజియాది కుడిచేతి ముడి. ఆ పరుపు మీది తెల్ల కుచ్చులన్నీ కుడి మెలికవే.

పెద్దవాళ్ళందరి ముఖాలూ తేటపడ్డాయి. హబీబ్ సాబు నవ్వి ముబీన్ భుజం తట్టాడు. "సరిపోయింది పో! మీయమ్మ చాదస్తానికి ఈ పిల్ల ప్రాణం మీదికొచ్చింది. లెయ్ నాయనా, పెండ్లానికి నాలుగు మంచి మాటలు చెప్పుకో."

చాంద్ బేగం కూడా నవ్వబోయింది. కొడుకు ముఖం చూసి ఆగిపోయింది.

అతనికి కోపం రాలేదు. సిగ్గూ పడలేదు. ఆ కండె వైపు, ఆమె చేతుల వైపు, లెక్క సరిచూసుకుంటున్నవాడిలా చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచిమా?" అన్నాడు.

"ఏంది నాయనా?"

"వాళ్ళతో ఎన్నాళ్ళ నుంచి కలిసినావు?" పెద్దవాళ్ళ వైపు తిరిగాడు. "చూసినారు గదా. దారం దాచిపెట్టేది, నేను ల్యానప్పుడు ఏసేది. నేనే తెలివితక్కువగా తాళంచెవి తీసి ఈమె చేతికే ఇస్తి. ముగ్గురూ ఒకటే."

గొంతు పెరగలేదు. చెయ్యి వణకలేదు. సాజియాను ఇన్నాళ్ళూ చూసిన చూపుతోనే తనను చూస్తున్నాడని చాంద్ బేగానికి అర్థమైంది. కన్న కొడుకు. తను రుచి చూస్తే తప్ప టీ ముట్టని కొడుకు. చూపించిన నిజాన్నే జబ్బు కలిపేసుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది ఇదే. దర్గాలో ఊగలేదని పొంగిపోయింది తను. ఊగే జబ్బు కాదిది. ఇన్నాళ్ళూ తాళంచెవి పట్టుకుని దానికి కాపలా కాసింది తనే.

హబీబ్ సాబు నవ్వు ముఖం మీదే ఆరిపోయింది.

చాంద్ బేగం చెంగు ముడి విప్పి తాళంచెవి తీసి సాజియా చేతిలో పెట్టింది.

"నా కోడలు ఏ తప్పూ చేయలేదు" అంది అందరికీ వినపడేలా. "నా కొడుకు అబద్ధమూ చెప్పడంలేదు. వానికి అట్లనే కనపడతాండాది. వానికి జబ్బు. పైకి కనపడని జబ్బు. ఇంతకన్నా నేను చెప్పల్యాను."

అంతమంది ముందు ఆ మాట అన్నాక ఆమె వంగి ఎర్ర కండెను చుట్టబోయింది. సాజియా వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళు తాళం వేసిన చేతిని ఆ పిల్ల ఎందుకు పట్టుకుందో ఆమెకు అర్థం కాలేదు, ఏడుపొచ్చింది.

సాజియాను అప్పటికి తన ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర ఉంచుతానని హబీబ్ సాబు తీసుకుపోయాడు. దబ్బనాలు, బ్లేళ్ళు, కత్తెర్లు చాంద్ బేగం మూటగట్టి అతనితోనే పంపించింది. ముబీన్ అడ్డు చెప్పలేదు. మూల కూచుని అన్నీ గమనిస్తున్నాడు. ఇమాం బాషా దిండు వదిలేసి వచ్చి మేనల్లుడి పక్కన చతికిలబడ్డాడు.

"అల్లుడా, రేపు నాతో ఆసుపత్రికి రా."

"నాకేమీ ల్యాదు మామా."

"నేనూ అట్లనే అంటి. నన్ను కట్టేసి ఎత్తుకపోయిరి. నిన్నెవరూ కట్టేయరులే. ఊరికే రా. నీకేమీ ల్యాకపోతే ఆ డాక్టరమ్మే చెప్తాది. అప్పుడు మీయమ్మ నోరు మూతపడతాది."

ముబీన్ తలూపాడు. "అదీ నిజమే. రాతపూర్వకంగా చెప్పమందాం" అన్నాడు.

శనివారం పెద్దాసుపత్రిలో బెంచీ మీద ముగ్గురూ వరసగా కూచున్నారు. ముబీన్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పక్కన ఒక ముసలాయన నిలబడలేకపోతుంటే లేచి తన చోటిచ్చాడు. చూసినవాళ్ళెవరైనా ఇమాం బాషాకే చూపించడానికి వచ్చారనుకుంటారు. పిలుపు రావడానికి ఇంకా టైముంది. ముబీన్ పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

చాంద్ బేగం గేటు బయటికి పోయి టీ తెచ్చింది. చిన్నప్పటి నుంచి అతను ఇష్టపడేట్టు చక్కెర ఎక్కువేయించింది. గ్లాసు అతని ముందుకు చాపింది. అతను గ్లాసులోకి చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

"నువ్వు ముందు తాగుమా" అన్నాడు ఎంతో మర్యాదగా.

ఆమె తాగింది. నోరు కాలింది. సగం తాగి, మిగిలింది అతనికి చూపించి, మళ్ళీ చెయ్యి చాపింది. అతను గ్లాసు అందుకోలేదు. ఆమె ముఖంలో ఏమన్నా మార్పు వస్తుందేమోనని కనిపెట్టి చూస్తూ కూచున్నాడు. టీ చల్లారిపోతున్నా ఆమె ఆ చెయ్యి దించలేదు.